కదపని విత్తనం

శవపేటిక గడప దాటేటప్పుడు ఇంట్లో ఉన్న విత్తనాలన్నిటినీ కదపాలి. మా ఊళ్లో అందరూ చేసే పనే ఇది. బంగాళాదుంప విత్తనం బస్తాలో ఉంటే బస్తాను జానెడు పక్కకు జరుపుతారు. చిక్కుడు గింజలు డబ్బాలో ఉంటే డబ్బా ఊపుతారు. పొట్లాలుంటే ఒక్కొక్కటీ చేత్తో ఎత్తి మళ్లీ పెడతారు. లేకపోతే అవి కూడా పోయినవాళ్ల వెంట వెళ్లిపోతాయంటారు. మగవాళ్లు పేటిక మోస్తారు కాబట్టి విత్తనం కదపడం ఇంటి ఆడవాళ్ల పని.

నా భార్య రెగినా ఫిబ్రవరిలో పోయింది. ఆ రోజు ఇంట్లో ఆ పని చేయగల ఆడమనిషి ఆమె చెల్లెలు పొల్లి ఒక్కతే. నేను విత్తనాల బీరువాకు తాళం వేసి, తాళంచెవి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాను.

ఎందుకు వేశానో దాచను. పోయే ముందురోజు మధ్యాహ్నం రెగినాకు కాస్త తెలివి వచ్చింది. "సలాడ్ విత్తనంలో సగం పొల్లికి ఇయ్యి" అంది. గదిలో నేను తప్ప ఎవరూ లేరు. ఆ తర్వాత ఆమె మళ్లీ మాట్లాడలేదు.

సలాడ్ అని మేం అనేది లెట్యూస్ ఆకునే. ఆ విత్తనం వాళ్లమ్మ దగ్గరినుంచి వచ్చింది. మా చీక్ లోయలో మే నెల చివరిదాకా రాత్రిళ్లు నేల మీద మంచు పేరుకుంటుంది. ఆగస్టు వెళ్లేసరికి మళ్లీ మొదలవుతుంది. అంగడిలో కొన్న లెట్యూస్ విత్తనం ఇక్కడ ఒక్క చలిదెబ్బకు నల్లబడి, ఉడికిన ఆకులా మెత్తబడిపోతుంది. రెగినా విత్తనం అలా కాదు. తలమీద మంచు కప్పుకుని కూర్చుంటుంది, ఎండ తగలగానే దులుపుకుని లేస్తుంది. ఈ లోయలో ఇంకెవరి దగ్గరా అది లేదు. నలభై ఏళ్లు దానికి లద్ది మోసింది నేను. మడుల మీద గడ్డిచాపలు సాయంత్రం కప్పింది, పొద్దున తీసింది నేను. పొల్లి ఏనాడూ ఒక తట్ట ఎత్తలేదు. పైగా "మా అక్కను పనిలో పెట్టి చంపుతున్నాడు" అని ఊరంతా చెప్పుకుంది. కదిపే వంకతో తను సగం ఒళ్లో వేసుకుంటుందని నాకు గట్టి నమ్మకం.

ఆరుగురు పేటిక ఎత్తారు. పొల్లి వెనకగదిలోకి పరుగెత్తి, అంతే వేగంగా తిరిగి వచ్చింది.

"బావా, బీరువాకు తాళం వేసుంది."

"ఉంటే?"

"తాళంచెవి ఇయ్యి. వాళ్లు వసారాలోకి వచ్చేశారు."

"ఎక్కడో పడిపోయింది."

"నీ జేబులో ఉంది. చెయ్యి అక్కడే పెట్టుకున్నావు."

"గుండె మీద పెట్టుకున్నాను. పెళ్లాం పోయినవాణ్ణి."

"గుండా? నీకా? ఎప్పుడు పెట్టించుకున్నావు?"

ఇక నాతో వాదించలేదు. లోపలికి వెళ్లి బీరువానే కదపబోయింది. అది ఓక్ చెక్క బీరువా. గోడకు మేకులతో బిగించింది నేనే. ఆమె భుజంతో నెట్టిన చప్పుడు, కాలితో తన్నిన చప్పుడు నాకు వినిపించాయి. అప్పటికే పేటిక గడప దాటింది.

మార్చి మొదటి వారంలో వేడిమడి కట్టాను. మోకాలి లోతు గొయ్యిలో గడ్డి కలిసిన పచ్చి గుర్రపు లద్ది వేసి తొక్కాలి. దానిమీద నాలుగు వేళ్ల మందాన జల్లించిన మన్ను. పైన పాత కిటికీ రెక్కలు. నాలుగు రోజులు లద్ది మరిగినట్టు మరుగుతుంది. ఆ ఉద్ధృతి తగ్గి, మన్నులో పెట్టిన చెయ్యి ఓర్చుకోగలిగినప్పుడు విత్తాలి. లెట్యూస్ గింజ మీద మన్ను కప్పకూడదు. చెక్కతో అదిమి వదిలేయాలి. దానికి వెలుతురు కావాలి. లోతుకు పోతే మొలవదు.

మడి అంచున అంగడి ముల్లంగి కూడా వేశాను. ముల్లంగి నాలుగో రోజుకు లేచింది. లెట్యూస్ లేవలేదు. వారం చూసి మళ్లీ వేశాను. అదీ లేవలేదు. అప్పుడు చిటికెడు గింజలు తడి ఉన్నిగుడ్డలో చుట్టి పొయ్యి పక్కన పెట్టాను. వారం తర్వాత విప్పితే మొలకా లేదు, కుళ్లూ లేదు. గింజలు నానను కూడా నానలేదు. గుడ్డ పిండితే నీళ్లు కారుతున్నాయి. గింజలను అరచేతిలో దొర్లిస్తే పొడిగా జారిపోతున్నాయి. ఒకటి కొరికాను. ఆ గింజ చేదుగా ఉండాలి. ఇసుక రేణువుకైనా ఏదో ఒక రుచి ఉంటుంది. దానికి లేదు.

బీరువాలో ఉన్న ప్రతి పొట్లం నుంచీ తీసి చూశాను. అన్నీ అంతే.

పొల్లి కంచె అవతల ఆగింది. ఆమె ఇల్లు మా వీధి చివరే. అంగడికి ఏ దారిన వెళ్లినా మా మడులు చూస్తూ వెళుతుంది.

"ఏం బావా, మడి అంత నున్నగా ఉంది? గుండు కొట్టించావా?"

"ఎలుకలు."

"ముల్లంగి వదిలేసి సలాడ్ గింజలే ఏరుకుని తిన్నాయా? చదువుకున్న ఎలుకలు."

"నీ దారిన నువ్వు పో."

"పోతాను. విత్తనం కూడా పోయింది కదా. నువ్వు కదపలేదు, అది అక్క వెంట పోయింది."

"పోవడానికి గింజలకు కాళ్లున్నాయా?"

"అక్కకున్నాయిగా" అంది. అని తనే ఆ మాటకు భయపడినట్టు శిలువ గుర్తు వేసుకుని వెళ్లిపోయింది.

మార్చి చివరలో డేనెష్ వచ్చాడు. మా చర్చి గంట కొట్టేదీ, గోతులు తవ్వేదీ అతనే. నాకు లద్ది ఇచ్చే గుర్రం కూడా అతనిదే. బండి దిగకుండానే కేకేశాడు.

"ఒరేయ్ ఇగ్నాట్స్, నీ మడి ఎలా ఉందో గానీ మీ ఆవిడ మడి బ్రహ్మాండంగా ఉంది."

"తాగావా?"

"తాగలేదురా. చూసొచ్చాక తాగాలనిపిస్తోంది. ఎక్కు."

మా శ్మశానం ఉత్తరపు వాలులో ఉంటుంది. అక్కడ ఏప్రిల్ సగం దాకా మంచు కరగదు. ఆ రోజు కూడా మోకాలిదాకా ఉంది. రెగినా సమాధి మీద మాత్రం లేదు. సమాధి పొడుగూ వెడల్పూ ఎంతో అంత మేర నల్లటి మన్ను తేలి ఉంది. మంచు అంచులు కత్తితో కోసినట్టు నిలువుగా ఉన్నాయి. ఆ మన్నులో పదకొండు లెట్యూస్ మొక్కలు. ఒక్కోదానికి నాలుగేసి ఆకులు.

చల్లిన గింజ ఎలాపడితే అలా మొలుస్తుంది. ఇవి వరసలో ఉన్నాయి. ఒక వరసలోని మొక్కకు ఎదురుగా రెండో వరసలో ఖాళీ వచ్చేలా, ముక్కోణంగా. నా జానతో మొక్కకూ మొక్కకూ మధ్య కొలిచాను. ప్రతిచోటా బొటనవేలు అరంగుళం మించిపోయింది. రెగినా చెయ్యి నా చేతికంటే చిన్నది. ఆమె ఎప్పుడూ తన జానతోనే నాటేది.

"ఈ గొయ్యి నేను తవ్వాను" అన్నాడు డేనెష్. "రెండడుగుల దాకా నేల బిగుసుకుపోయి ఉంది. గడ్డపారతో రాయి కొట్టినట్టు కొట్టాను. ఈ మన్నులో గడ్డి గింజ కూడా బతికే వీల్లేదు."

"ఎవరైనా తెచ్చి నాటారు."

"మంచులో అడుగులేవీ? నీవీ నావీ తప్ప ఇంకేమైనా కనిపిస్తున్నాయా నీకు?"

కనిపించలేదు. నేను వంగి మన్ను మీద అరచెయ్యి ఆనించాను. వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం నాకు బాగా తెలుసు. విత్తడానికి సిద్ధమైన మడిలో ఉండే వేడి అది. దానికంటే ఎక్కువా కాదు, తక్కువా కాదు. వేడిమడిలో వేడి పుట్టాలంటే అడుగున ఏదో మగ్గుతూ ఉండాలి. ఆలోచన అక్కడిదాకా రానిచ్చి ఆపేశాను. చెయ్యి తీసి కోటుకు తుడుచుకున్నాను.

"నా గుర్రం లద్ది అవసరం లేకుండానే మీ ఆవిడ పెంచుతోంది" అన్నాడు డేనెష్. "నాకు అవమానంగా ఉందిరా." నవ్వాలనుకున్నాడు. నవ్వు రాలేదు.

మొక్కలు మొలిచింది ఎలాగో నాకు అక్కర్లేదు. ఆ విత్తనం ప్రపంచంలో మిగిలింది ఆ నాలుగు మూరల మన్నులోనే. ఆ మొక్కలు పూసి గింజ కడితే విత్తనం నాకు దక్కుతుంది. కట్టకపోతే ఆ జాతే ఉండదు. నలభై ఏళ్ల నా చాకిరీకి గుర్తుగా ఖాళీ పొట్లాలు మిగులుతాయి. నాకు కావలసింది ఆ గింజ ఒక్కటే.

మర్నాడు ఒక మొక్కను మా మడిలోకి తెచ్చుకుందామని పార తీసుకెళ్లాను. ఆ వయసు లెట్యూస్ వేరు వేలెడు ఉంటుంది. నేను చుట్టూ తవ్వి, మన్నుముద్దతో ఎత్తబోయాను. వేరు రాలేదు. చేత్తో తోడాను. మోచెయ్యి దాకా తోడాను. వేరు తెల్లగా, దారంలా సన్నగా, నిలువునా కిందికి పోతూనే ఉంది. పట్టుకుని లాగితే సాగింది గానీ తెగలేదు. పట్టు కాస్త వదులు చేశాను. అది నా వేళ్ల మధ్యనుంచి రెండంగుళాలు కిందికి జారింది. అవతల ఎవరో కొస చుట్టుకుంటున్నట్టు, తొందరేమీ లేకుండా.

కత్తి తీసి కోసేశాను. తెగిన చోట పాలు కారాయి. లెట్యూస్‌కు పాలుంటాయి, అందులో వింత లేదు. ఆ పాలు మాత్రం చాలాసేపు కారాయి. మొక్కను టోపీలో పెట్టుకుని దిగాను. శ్మశానం గేటు దగ్గర ఆకులు వాలాయి. ఇంటికి చేరేసరికి టోపీలో జిగట తప్ప ఏమీ మిగల్లేదు.

పది మొక్కలు మిగిలాయి. మళ్లీ తవ్వలేదు.

పొల్లికి ఎవరో చెప్పారు. ఏప్రిల్‌నుంచి రోజూ రావడం మొదలుపెట్టింది. సమాధికి కుడివైపు మోకాళ్ల మీద కూర్చుని కలుపు తీసేది. నేను ఎడమవైపు. ఇద్దరం చేసే పని ఒకటే. మాట్లాడుకునేది తక్కువ.

"నీ వైపు గరిక ఉంది."

"చూశాను."

"చూస్తే పోతుందా? పీకు."

మే నెలలో ముగ్గురు పునీతుల పండగ రోజులు వచ్చాయి, వాళ్లు మంచు తెస్తారంటారు. పన్నెండు, పదమూడు, పద్నాలుగు తేదీలు. ఊళ్లో వాళ్లు తోటల్లో తడి గడ్డి కాల్చి పొగ పెట్టారు. లాభం లేకపోయింది. పద్నాలుగో తేదీ పొద్దున్నే చూస్తే లోయలో ఉన్న పచ్చటి ఆకంతా నల్లబడింది. చాపల కిందున్న నా ముల్లంగి కూడా పోయింది. నేను కొండ ఎక్కాను. సమాధి మీద పది లెట్యూస్‌లూ క్యాబేజీలా ఆకులు ముడుచుకుని గుండ్రటి గడ్డలు కట్టడం మొదలుపెట్టి ఉన్నాయి. చుట్టూ గడ్డి తెల్లగా బిగుసుకుని, కాలు వేస్తే విరుగుతోంది. ఆకుల మీద మాత్రం నీటి చుక్కలున్నాయి. చుట్టూ కుందేళ్ల అడుగులు కనిపించాయి. అవి మన్ను అంచుదాకా వచ్చి, అక్కడ చాలాసేపు కూర్చుని, వెనక్కి తిరిగి వెళ్లాయి.

ఊరి ఆడవాళ్లు గుంపులుగా వచ్చి చూశారు. శ్మశానంలో పెరిగింది మా వాళ్లెవరూ తినరు కాబట్టి దొంగల భయం లేదు. ఒకావిడ "ఎంత బాగా గడ్డ కట్టాయో, దిష్టి తగిలేట్టుంది" అంది. పక్కావిడ ఆమె మోచెయ్యి గిల్లింది.

జూన్ వచ్చింది. గట్టిగా గడ్డ కట్టే లెట్యూస్ దానంతటది పూయదు. పూత కాడ లోపలే చుట్టుకుని కుళ్లిపోతుంది. అందుకని విత్తనానికి ఉంచిన గడ్డల నెత్తిన కత్తితో శిలువ ఆకారంలో గాటు పెట్టాలి. అప్పుడు కాడ ఆ సందులోంచి పైకి తన్నుకొస్తుంది. ఆ తర్వాత పూత, గింజ, దూదిపింజ. మా లోయలో ఈ గాటు జూన్ సగంలో పెడితేనే ఆగస్టు చలికి ముందు గింజ ముదురుతుంది.

పది గడ్డలకీ గాట్లు పెట్టాను. మర్నాడు వెళితే పదీ మూసుకుని ఉన్నాయి. కోసిన గుర్తు కూడా లేదు. మళ్లీ పెట్టాను. మళ్లీ మూసుకున్నాయి. మూడోసారి ఒక గడ్డను లోతుగా కోసి, వేళ్లతో పొరలు విప్పుతూ పోయాను. నడుమ గోరంత మొగ్గ కనిపించాలి. ఆకు లోపల ఆకు, ఆకు లోపల ఆకు. లోపలికి పోయేకొద్దీ వెచ్చగా ఉంది. మొగ్గ తగల్లేదు. మణికట్టు దాకా చెయ్యి పోయింది. ఆ గడ్డ బయటినుంచి చూస్తే రెండు పిడికిళ్లంత ఉంటుంది. నేను చెయ్యి గబుక్కున లాక్కున్నాను.

పొల్లి అవతలి వైపునుంచి చూస్తోంది.

"అక్క నీకు ఇవ్వదు బావా. నువ్వెన్ని గాట్లు పెట్టినా ఇవ్వదు."

"నీకిస్తుందా? ఇదిగో కత్తి. కొయ్యి."

తీసుకుంది. తన వైపున్న చివరి గడ్డకు ఒక గాటు పెట్టింది. మర్నాడు అదీ మూసుకుని ఉంది. పొల్లి దాని నెత్తిన వేలు పెట్టి తడిమింది.

"నా మీద కూడా కోపమే అక్కకు" అంది. "ఒక్క మాట లేకుండా పోయింది. నలుగురు ఆడపిల్లల్లో మేమిద్దరమే మిగిలాం. నాకంటూ ఏమీ చెప్పలేదు, ఏమీ ఇవ్వలేదు." నా వైపు తిరిగింది. "బావా, చివర్లో నువ్వే ఉన్నావు. నా గురించి ఏమైనా అందా?"

"లేదు" అన్నాను.

గాలి లేదు. గడ్డి పోచ కదల్లేదు. పది గడ్డల్లోనూ ఆకులు ఒకదానితో ఒకటి రాసుకుని కిర్రుమన్నాయి. చేత్తో గట్టిగా అదిమితే లెట్యూస్ అలా అంటుంది. ఎవరూ అదమలేదు. పొల్లి లేచి నిలబడింది. కలుపు సంచి అక్కడే వదిలేసి దిగిపోయింది. నేను కూర్చునే ఉన్నాను. ఆ చప్పుడు ఎవరికోసమో నాకు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన మనసు మారుతుందా? మారలేదు.

జూన్ వెళ్లిపోయింది. జులై ఆరు వచ్చింది, పది వచ్చింది. నేను పొద్దున్నే వెళ్లి గడ్డల నెత్తులు తడిమి చూసేవాణ్ణి. రాయిలా బిగుసుకుని ఉండేవి. వేళ్ల మీద లెక్కేసుకున్నాను. ఆ వారంలో కాడ లేవకపోతే పూతకు టైము లేదు. పూత లేకపోతే గింజ లేదు.

పద్నాలుగో తేదీన చర్చి పండగ కోసం డేనెష్ శ్మశానంలో గడ్డి కోస్తున్నాడు. పొల్లి తన వైపు కూర్చుని ఉంది. ఆ కిర్రు చప్పుడు విన్నాక ఆమె వారం రోజులు రాలేదు గానీ ఇప్పుడు మళ్లీ వస్తోంది. మడిని వదిలి ఉండలేని మనిషి. నేను టోపీ తీయకుండానే చెప్పాను.

"సగం నీకిమ్మంది."

"ఏంటి?"

"విత్తనం. సగం పొల్లికి ఇయ్యి అంది. చివరిగా అన్నది అదే."

పొల్లి పట్టుకున్న కలుపుమొక్కను మన్నుతో సహా పైకి లాగింది.

"ఎప్పుడు?"

"ముందురోజు మధ్యాహ్నం."

"అంటే పేటిక లేచేటప్పుడు నీకు తెలుసు."

"తెలుసు."

"ఇక్కడే, దీని మీదే కూర్చుని నేనడిగితే లేదన్నావు."

"అన్నాను."

"తప్పయిందను."

"అనను. నాకు తప్పనిపించలేదు. రోజులు అయిపోతున్నాయి, అందుకని చెప్పాను."

పొల్లి చేతిలో ఉన్న కలుపుమొక్కను వేరుమన్నుతో సహా నా మొహాన కొట్టింది. మన్ను నా కంట్లో పడింది. డేనెష్ కొడవలి ఆపి మా వైపు చూశాడు.

"ఇదే క్షమాపణ అయితే నేను బిషప్పునిరా" అన్నాడు.

పొల్లి అప్పుడు ఏడ్చింది. బాధతో కాదనుకుంటాను. మన్ను మీద రెండు చేతులూ పెట్టి, "చెప్పావా? నాకోసం చెప్పావా?" అని అడుగుతోంది. నన్ను కాదు. నేను కన్ను తుడుచుకుంటూ దిగివచ్చాను.

మర్నాడు ఏమీ లేదు. ఆ మర్నాడూ లేదు. చెప్పి దండగైందనుకున్నాను. మూడోరోజు పొద్దున్న పొల్లి కొండ మీదనుంచి అరిచింది. నేను ఎక్కేసరికి పది గడ్డలూ నెత్తిన పగిలి ఉన్నాయి. కత్తి గాటు కాదు, లోపలినుంచి చీలినవి. ఒక్కోదానిలోంచి జానెడు కాడ నిలబడి ఉంది. సాయంత్రానికి అవి మోకాలెత్తు అయ్యాయి. మూడు వారాల్లో పెరగాల్సింది మూడు రోజుల్లో పెరిగి నా నడుం దాటింది. నేను దగ్గర నిలబడితే కాడల్లో నీళ్లు పైకెక్కుతున్న చప్పుడు వినిపించేది. కొట్టంలో ఆవు నీళ్లు తాగుతున్నట్టు.

పసుపు పూలు పొద్దున పదింటికి విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకునేవి. లెట్యూస్ పూలు ఎక్కడైనా అంతే. పొల్లి ఆ రెండు గంటలూ అక్కడే కూర్చునేది. అక్కతో ఏవో కబుర్లు చెప్పేది. ఎవరి కోడలు ఎవర్ని తిట్టింది, అంగడివాడు జున్నులో ఏం కలుపుతున్నాడు. మధ్యలో ఆగి, వినేది, నవ్వేది. నేను వస్తే ఆపేసేది.

ఆగస్టు ఇరవై ఎనిమిదిన ఆకాశం తేటపడింది. ఉత్తరపు గాలి మధ్యాహ్నానికి ఆగిపోయింది. అలాంటి రోజు సాయంత్రం ఏం దిగుతుందో మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. గింజల్లో సగానికే దూదిపింజ వచ్చింది. మిగతా సగం ఇంకా పచ్చి; ఈ జాతి ఆకు మంచుకు ఆగుతుంది గానీ పచ్చి గింజ ఆగదు. అలాంటప్పుడు మొక్కల్ని వేళ్లతో సహా పీకి, కప్పు కింద తలకిందులుగా వేలాడదీస్తే కాడలో ఉన్న సత్తువతోనే గింజ ముదురుతుంది.

"పీకాలి" అన్నాను.

"వస్తాయా?" అంది పొల్లి. వేరు సంగతి నేను డేనెష్‌కు చెప్పాను, అతను ఆమెకు చెప్పాడు.

మొదటి మొక్కను రెండు చేతులతో పట్టుకుని, కాళ్లు తన్నిపెట్టి లాగాను. వెల్లకిలా పడ్డాను. వేరు వేలెడే ఉంది. మామూలు వేరు. పదీ అలాగే ఊడివచ్చాయి. పొల్లి వాటిని దుప్పట్లో చుట్టుకుని తన ఇంటి వైపు నడిచింది.

"మా కొట్టం దగ్గర" అన్నాను.

"మా కొట్టంలో. నీ ఇంట్లో తాళాలెక్కువ."

మూడు వారాలు అక్కడ వేలాడాయి. తర్వాత కబురు పంపింది. వంటింటి బల్ల మీద గుడ్డ పరిచి, కాడలు దులిపి, ఊదిన గింజ కుప్పగా పోసి ఉంది. చెంచాతో ఒకటి తనవైపు, ఒకటి నా వైపు వేసింది. చివరి చెంచా నిండలేదు. దాన్ని కత్తిమొనతో రెండుగా చీల్చింది. ఒక గుక్క పండ్ల సారా ఇవ్వలేదు, కూర్చోమనలేదు.

"సరిగ్గా సగం" అంది. "అక్క నాకు సగమే ఇమ్మంది, ఆ మాట నిలబెట్టడానికే మిగతా సగం నీకిస్తున్నాను. నీకోసం కాదు."

పొట్లం కట్టుకుని వచ్చేశాను.

కొత్త గింజ కొన్నాళ్లు నిద్రపోతుంది. నవంబరు దాకా ఆగి, ఒక చెక్క తట్టలో మన్ను పోసి చిటికెడు చల్లి, వంటింటి బల్ల మీద పెట్టాను. బల్లకు ఒక పక్క కిటికీ. రెండో పక్క పొయ్యి, దాని దగ్గర నా కుర్చీ. నాలుగో రోజుకు మొలకలొచ్చాయి. ఒక్క గింజ కూడా వృథా కాలేదు. విత్తనం నాకు దక్కింది.

ఐదోరోజు చూశాను. మొలకలన్నీ కుర్చీ వైపు వంగి ఉన్నాయి.

కిటికీ వెలుతురు వాటికి వెనకనుంచి వస్తోంది. మొలక ఎప్పుడైనా వెలుతురుకే వంగుతుంది. పొయ్యి వేడికి అలా అయ్యాయేమోనని తట్టను అటుదిటు తిప్పి కుర్చీలో కూర్చున్నాను. సంకటి తిని లేచేసరికి మళ్లీ నా వైపు తిరిగాయి. కుర్చీ వదిలి గుమ్మం పక్క బెంచీ మీద గంటన్నర కూర్చున్నాను. బెంచీ వైపు తిరిగాయి. నన్ను చూస్తున్నాయని అనను. వాటికి కళ్లు లేవు. ఒక్కో కాడ మీద రెండేసి ఆకులు, అరచేతులు తెరిచినట్టు.

పొల్లి ఇంటికి వెళ్లాను. ఆమె వంటింట్లో కూడా ఒక తట్ట ఉంది. మొలకలు కిటికీ వైపు వంగి, చక్కగా ఉన్నాయి.

"ఏం బావా, అలా చూస్తున్నావు? నీవి మొలవలేదా?"

"మొలిచాయి."

"మరి?"

"ఏం లేదు. నీళ్లెక్కువ పోయకు."

"నాకు నేర్పకు" అంది.

తిరిగి వచ్చి తట్ట ముందు నిలబడ్డాను. వెలుతురు లేని దిక్కుకు వంగే మొలక సన్నగా సాగి, మెడ విరిగి పడిపోతుంది. ఇంకో రెండు రోజులు అలా వదిలేస్తే అన్నీ పోతాయి. తట్టను తీసుకెళ్లి మంచులో పారేసినా అడిగేవాళ్లు లేరు. పొట్లంలో ఇంకా గింజ ఉంది గానీ, అది ఏ దిక్కుకు వంగుతుందో నాకు తెలుసు.

పొయ్యి దగ్గరి కుర్చీని కిటికీ పక్కకు ఈడ్చాను. వెలుతురుకు అడ్డం రాకుండా గోడకు ఆనించి కూర్చున్నాను. అక్కడ చెక్కల సందుల్లోంచి చలి మెడ మీద కొడుతుంది. మధ్యాహ్నానికి అవి లేచి, ఇటు, కిటికీ వైపు తిరిగాయి.